సీజన్ అయ్యాక మీ తలుపు తట్టేదెవరు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు థాయ్‌లాండ్ సముద్రతీరానివే. పటాయా, జోమ్‌టియెన్, హువా హిన్‌లలో రిటైరై స్థిరపడ్డ విదేశీయుల మధ్య ఉంటున్నవాళ్లు కొందరు, అక్కడున్న పెద్దవాళ్ల పిల్లలు కొందరు రాశారు. ఎవరితో కూర్చోవాలి, ఎవరిని నమ్మాలి, ఒంటరిగా ఉన్నప్పుడు ఏమైనా అయితే ఎవరికి తెలుస్తుంది అన్నవే అందరి ప్రశ్నలూ. నేను కూడా హువా హిన్‌లోనే ఉంటున్నాను, రోజూ చూసే విషయాలివి. అందుకే మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకు ఉంచి ఈసారి వీటికే జవాబులిస్తున్నాను.

ప్రశ్న: అక్కా, నమస్తే. ఇద్దరం రిటైరయ్యాక జోమ్‌టియెన్‌లో కాండో, అంటే అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్, తీసుకుని ఉంటున్నాం. మావారికి వచ్చిన వారంలోనే స్నేహితులు దొరికారు. సాయంత్రం నాలుగయ్యేసరికి కింద బార్‌లో ఉంటారు. ఇంగ్లండు వాళ్లు, జర్మన్లు, ఒక ఆస్ట్రేలియా ఆయన, అంతా అక్కడే. నాకు తాగే అలవాటు లేదు, వాళ్ల మాటల్లో కలవలేను. పొద్దున్నుంచి రాత్రి దాకా బాల్కనీలో కూర్చుని సముద్రం చూడటమే నా పని. ఇక్కడ ఆడవాళ్లే లేరా, నాకే కనపడటం లేదా? (ఒక పాఠకురాలు, జోమ్‌టియెన్)

జవాబు: ఉన్నారండీ. కాకపోతే వాళ్లు బయట కనపడే వేళ వేరు. రిటైరై ఇక్కడికి వచ్చినవాళ్లలో మగవాళ్లే ఎక్కువ, అందులో ఒంటరి మగవాళ్లు మరీ ఎక్కువ, సాయంత్రాలు బార్లన్నీ వాళ్లతోనే నిండుతాయి. ఆ ఒక్క వేళే చూస్తే ఊరంతా ఇంతే అనిపిస్తుంది. పొద్దున్న ఐదున్నరకు ఒకసారి బీచ్ రోడ్డు మీదికి వెళ్లి చూడండి. ఎండ ముదరకముందే నడక ముగించుకోవాలని ఎనిమిది లోపే అందరూ బయటికి వస్తారు, వాళ్లలో జంటలుంటారు, భర్త పోయిన ఆడవాళ్లుంటారు, కుక్కల్ని తిప్పేవాళ్లుంటారు, వ్యాయామానికి వచ్చిన థాయ్ పెద్దవాళ్లూ ఉంటారు. వారం రోజులు ఒకే వేళకు ఒకే దారిలో నడిస్తే చాలు, ఎనిమిదో రోజు మీరు రాకపోతే అడిగే మనిషి ఒకరైనా తయారవుతారు. ఇక్కడ స్నేహాలు మొదలయ్యేది ఎక్కువగా ఇలాగే. పేరు తర్వాత తెలుస్తుంది, ముఖం ముందు తెలుస్తుంది.

రెండోది, వారానికో రోజు ఏదో ఒక చోటికి తప్పకుండా వెళ్లాలని పెట్టుకోండి. పటాయాలో విదేశీయుల క్లబ్బు వారానికోసారి కలుస్తుంది, ఎవరో ఒకరిని పిలిచి ఆరోగ్యం గురించో, వీసా నిబంధనల గురించో, ఎక్కడికైనా చేసిన ప్రయాణం గురించో మాట్లాడిస్తారు, అందరూ కలిసి టిఫిన్ కూడా చేస్తారు. ఆ ఉపన్యాసం కోసం కాకపోయినా టేబుల్ దగ్గర జరిగే మాటల కోసమైనా వెళ్లండి. నడక మీద ఇష్టముంటే హ్యాష్ హౌస్ హారియర్స్ బృందాలున్నాయి. 1938లో కౌలాలంపూర్‌లో ఉంటున్న బ్రిటిష్ ఉద్యోగులు సరదాకి మొదలుపెట్టిన పరుగు ఇది, ఇప్పుడు ప్రపంచమంతా ఉంది. పరిగెత్తలేనివాళ్లకు నడిచే దారి వేరే పెడతారు. చివర్లో బీరు, పాటలు, కొంచెం మోటు హాస్యం తప్పవు, అది మీకు నచ్చకపోవచ్చు, ముందే చెబుతున్నాను. థాయ్ భాష తరగతిలో చేరడం మాత్రం ఎవరికైనా పనికొస్తుంది. నా లెక్కలో స్నేహాలకు ఇంతకంటే మంచి చోటు లేదు, ఎందుకంటే అక్కడ అందరూ తప్పులు మాట్లాడతారు, ఒకరి ముందు ఒకరికి బిడియం ఉండదు.

ఇక మీవారి సంగతి. మీరు నెమ్మదిగా రాశారు గానీ నాకు అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. రోజూ నాలుగింటికి మొదలయ్యే తాగుడు ఉద్యోగంలో ఉన్న మనిషికి సాధ్యం కాదు, మర్నాడు ఆఫీసు ఉంటుంది కాబట్టి. రిటైరైన మనిషిని ఆపేది ఏదీ లేదు. ఈ తీరంలో మంచి మనుషులు చాలామంది అలాగే, ఎవరితోనూ గొడవ పడకుండా, నవ్వుతూ నవ్వుతూనే ఆరోగ్యం పాడుచేసుకున్నారు. బార్ మానేయమని పోట్లాడితే ఆయన వినరు, అక్కడున్నది స్నేహితులు కాబట్టి. వారంలో రెండు సాయంత్రాలు మీకివ్వమని అడగండి. ఆ రెండు రోజులూ ఇంట్లో కూర్చోవద్దు, ఇద్దరూ కలిసి సముద్రంలో ఈతకో, బజారుకో, ఎవరింటికైనా భోజనానికో వెళ్లండి. ఆ బార్ స్నేహితుల్లో భార్యలతో ఉన్నవాళ్లు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు, వాళ్లని మీ ఇంటికి పిలవండి. ఆ భార్యలు కూడా మీలాగే ఎక్కడో ఒక బాల్కనీలో కూర్చుని ఉంటారు.

ప్రశ్న: నవంబరు నుంచి మార్చి దాకా మా కాండోలో పండగే. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ వాళ్లు వస్తారు, కొలను చుట్టూ కబుర్లు, శనివారం భోజనాలు, పుట్టినరోజులు. ఏప్రిల్ వచ్చేసరికి ఒక్కొక్కరే సూట్‌కేసు సర్దుకుంటారు. మే నెలలో మా అంతస్తులో నేనొక్కడినే. వాట్సాప్‌లో కూడా మాటలు తగ్గిపోతాయి. ప్రతి ఏడూ ఇదే బాధ. వాళ్లు నిజమైన స్నేహితులు కారా? (ఒక పాఠకుడు, హువా హిన్)

జవాబు: స్నేహితులేనండీ, కాకపోతే ఏడాదిలో ఐదు నెలల స్నేహితులు. వాళ్లకు అక్కడ మనవలు, తోట, డాక్టరు, పాత వీధి అన్నీ ఉన్నాయి, చలి భరించలేక ఇక్కడికి వస్తారు. ఇంటికి వెళ్లగానే ఆ జీవితం వాళ్లని లాక్కుంటుంది. మీకు ఫోన్ చేయలేదంటే మిమ్మల్ని మర్చిపోయారని అనుకోవద్దు. నవంబరులో మళ్లీ వస్తారు, మార్చిలో ఆపిన మాట దగ్గరే మొదలుపెడతారు. అలాంటి స్నేహంలోనూ సంతోషం ఉంది, ఉన్నన్నాళ్లూ అనుభవించండి. అయితే మీ ఏడాది మొత్తాన్నీ దాని మీద పెట్టుకోవద్దు.

సీజన్ లేని నెలల్లో ఊరిలో మిగిలేవాళ్లు తక్కువే, కానీ స్థిరంగా ఉండేది వాళ్లే. జనంలో ఇన్నాళ్లూ వాళ్లు మీకు కనపడలేదు, అంతే. మే, జూన్ నెలల్లో ఖాళీగా ఉన్న కాఫీ షాపులో రోజూ ఒకే మూల కూర్చునే ఆ పెద్దాయన పన్నెండు నెలలూ ఇక్కడే ఉంటాడు. వెళ్లి పలకరించండి. సీజన్‌లో అయితే ఆయన పలకరింపుకి ముక్తసరిగా జవాబిచ్చేవాడేమో, కొత్త ముఖాలతో ప్రతి ఏడూ మొదటినుంచీ పరిచయం చేసుకోవడం విసుగు కదా. ఇప్పుడు మాత్రం తప్పకుండా మాట్లాడతాడు. నేను గమనించింది ఏమిటంటే, ఇక్కడ పదేళ్లు దాటి ఉన్నవాళ్లు కొత్తవాళ్లతో మొదట్లో దూరంగా ఉంటారు. పొగరు వల్ల కాదు, దగ్గరైన మనుషులు ఊరు వదిలి వెళ్లిపోవడం, చనిపోవడం వాళ్లు చాలాసార్లు చూశారు. ఒక వానాకాలం మొత్తం మీరు ఇక్కడే ఉన్నారని చూశాకే మనసిస్తారు.

ఇంకో మాట. మీ ఉత్తరంలో నార్వే ఉంది, స్వీడన్ ఉంది, ఒక్క థాయ్ మనిషి లేరు. మీరుంటున్నది వాళ్ల ఊరు. కాండో గేటు దగ్గర కాపలా ఉండే ఆయన, బట్టలు ఉతికి ఇచ్చే ఆమె, మూల దుకాణం కుటుంబం, వీళ్లు ఏప్రిల్లో ఎక్కడికీ వెళ్లరు. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సోంగ్‌క్రాన్, థాయ్‌వాళ్ల కొత్త సంవత్సరం పండగ. ఆ మూడు రోజులూ నీళ్లు పోస్తారని భయపడి చాలామంది విదేశీయులు తలుపులేసుకుని కూర్చుంటారు, లేదా ఊరు వదిలి వెళ్తారు. అలా చేయకండి. పెద్దవాళ్ల చేతుల మీద సువాసన కలిపిన నీళ్లు పోసి వాళ్ల దీవెన తీసుకోవడం ఆ పండగలో అసలు భాగం, వయసులో పెద్దవారు కాబట్టి మీకూ పోస్తారు. పొద్దున్నే దగ్గరలోని బౌద్ధ ఆలయానికి వెళ్లండి. ఆ తర్వాత వీధిలో మీరు ఎవరో ఒక విదేశీయుడిగా ఉండరు, ఫలానా భవనంలో ఉండే పెద్దాయన అయిపోతారు.

ప్రశ్న: మేం ఎనిమిది మందిమి, పటాయాలో రిటైరైన మనవాళ్లం. ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఒకరి కాండోలో రమ్మీ ఆడతాం. పందెం చిన్నదే, సరదాకి. మొన్న ఒకాయన ఇక్కడ పేకాట ఆడితే పోలీసులొస్తారని భయపెట్టాడు. అంత ఉందా? (ఒక పాఠకుడు, పటాయా)

జవాబు: ఉందండీ, ఆయన చెప్పింది పట్టించుకోండి. 2016 ఫిబ్రవరిలో మీ పటాయాలోనే బ్రిడ్జ్ అనే పేకాట ఆడుకునే ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి 32 మంది విదేశీయుల్ని స్టేషన్‌కి తీసుకెళ్లారు. అందరూ పెద్దవాళ్లే, వాళ్లలో 84 ఏళ్ల డచ్ ఆవిడ కూడా ఉన్నారు. డబ్బు పెట్టి ఆడుతున్నట్టు ఏమీ దొరకలేదు. పట్టుకున్నది పేక ముక్కల విషయంలో. ఇక్కడ 1935 నాటి పేక ముక్కల చట్టం ఒకటుంది, దాని ప్రకారం అనుమతి లేకుండా 120 ముక్కలకు మించి దగ్గర ఉంచుకోకూడదు, ముక్కల మీద ఎక్సైజ్ శాఖ ముద్ర కూడా ఉండాలి. ఒక్కొక్కరూ 5,000 బాత్ (థాయ్ డబ్బు) పూచీ కట్టి గంటల తరబడి ఎదురుచూశాక బయటికొచ్చారు. ప్రపంచమంతా ఆ వార్త రాసింది.

ఇప్పుడు మీ లెక్క చూడండి. రమ్మీకి రెండు కట్టలు వాడితే జోకర్లతో కలిపినా 120 లోపే. కానీ ఎనిమిది మంది రెండు కట్టలతో ఆడలేరు, మూడో కట్ట తీస్తే జోకర్లు పక్కన పెట్టినా 156 అవుతుంది. పైగా మీరు పందెం కాస్తున్నారు, అది జూదం చట్టం కిందికి వస్తుంది, అదీ 1935 నాటిదే. పందెం ఎంత చిన్నదన్నది అక్కడ మిమ్మల్ని కాపాడదు. పందెం ఆపేయండి, రెండు బల్లల మీద నలుగురేసి కూర్చుని ఒక్కో కట్టతో ఆడే ఆట ఏదైనా పెట్టుకోండి, ముద్ర ఉన్న ముక్కలే కొనండి. ఆదివారం కలవడం మాత్రం ఆపకండి. ఎనిమిది మంది వారం తప్పకుండా కలుస్తున్నారంటే అది చాలా పెద్ద విషయం, క్యారమ్స్ ఆడినా సరే, ఏమీ ఆడకుండా భోంచేసినా సరే.

ప్రశ్న: ఆంటీ, మా నాన్నగారికి 74 ఏళ్లు. అమ్మ పోయాక కూడా హువా హిన్ వదిలి రానంటున్నారు. నేను వేరే దేశంలో ఉద్యోగంలో ఉన్నాను. పోయిన నెల స్నానాల గదిలో జారిపడ్డారు, మర్నాడు ఇల్లు తుడిచే ఆమె వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. ఆయన మాత్రం నాకిక్కడ ఇరవైమంది స్నేహితులున్నారు, నాకేం భయం అంటారు. నాకు నిద్ర పట్టడం లేదు. (ఒక కూతురు)

జవాబు: చూడమ్మా, నాన్నగారిని అక్కడి నుంచి లాక్కొచ్చే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టు. అమ్మతో గడిపిన ఇల్లు, పొద్దున్నే అలవాటైన ఇసుక, తెలిసిన ముఖాలు, ఇవన్నీ వదిలి నీ ఇంట్లో ఒక గదిలో కూర్చుంటే ఆయన త్వరగా డీలా పడిపోతారు. ఆయనకు ఇరవైమంది స్నేహితులున్నారన్నది కూడా నిజమే అయ్యుంటుంది. కానీ ఆ రాత్రి ఆయన కింద పడి ఉన్నప్పుడు ఆ ఇరవైమందిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. అది వాళ్ల తప్పు కాదు. ఒకరు కనపడకపోతే బ్యాంకాక్ వెళ్లాడేమో, ఒంట్లో బాగా లేదేమో అనుకుంటారు, ఇక్కడ అందరూ వస్తూ పోతూ ఉంటారు కాబట్టి. కాబట్టి ఇరవైమంది అవసరం లేదు, ఇద్దరు చాలు, ఫలానా వేళకు ఈయన కనపడకపోతే వెళ్లి తలుపు కొట్టాలి అని ఒప్పుకున్న ఇద్దరు.

ఇది సిగ్గుపడకుండా నోరు తెరిచి అడగాల్సిన విషయం. ఆయన అడగలేకపోతే నువ్వు ఒక్కసారి వచ్చి ఆ ఇద్దరినీ భోజనానికి పిలిచి నువ్వే అడుగు. నేనుండే చోట ఒంటరిగా ఉంటున్న కొందరు పొద్దున్న తొమ్మిది లోపు ఫోన్లో ఒక గుర్తు పెడతారు, ఒట్టి సూర్యుడి బొమ్మ. మాటలేం ఉండవు. పెట్టనివాళ్లకు ఫోన్ చేస్తారు, ఎత్తకపోతే ఎవరో ఒకరు వెళ్తారు. అవతలివాళ్లకు కూడా వయసైపోయింది, వాళ్లకూ ఇలాంటివాళ్లు కావాలి, అందుకని ఎవరూ కాదనరు. ఇద్దరిలో ఒకరు మాత్రం ఏడాది పొడుగునా ఇక్కడే ఉండేవాళ్లై ఉండాలి. ఇంటి తాళం రెండోది వాళ్ల దగ్గర ఉండాలి, కాండో ఆఫీసుకి కూడా ఆ సంగతి తెలియాలి.

తర్వాత ఒక కార్డు తయారుచేయించు. థాయ్‌లోనూ ఇంగ్లీషులోనూ ఆయన పేరు, వాడే మందులు, పడని మందులు, ఆ ఇద్దరి ఫోన్లు, నీ ఫోను. ఒకటి పర్సులో, ఒకటి తలుపు లోపలివైపు. అంబులెన్సుకి 1669, పర్యాటక పోలీసులకు 1155, వీళ్లు ఇంగ్లీషు మాట్లాడతారు. ఆ నంబర్లు ఫోన్లో ఉంటే చాలదు, పెద్ద అక్షరాలతో గోడ మీద ఉండాలి. స్నానాల గదిలో పట్టుకునే కమ్మీలు రెండు వేయించు, కాళ్లు జారని చాప వేయించు, ఇది ఈ వారమే. ఇల్లు తుడిచే ఆమె వారానికి ఎన్నిసార్లు వస్తోందో చూసి ఇంకో రోజు పెంచు. ఆమె లేకపోతే ఏమయ్యేదో నీకు తెలుసు. ఆమె పేరు, ఆమె ఫోను నీ దగ్గర ఉన్నాయా? లేకపోతే ముందు అవి తీసుకో, భాష రాకపోయినా ఫోన్లో అనువాదం చేసుకుని ఆమెకు కృతజ్ఞత చెప్పు.

బీమా విషయం కనుక్కో. రిటైరైనవాళ్లు సొంత దేశంలోనే తీసుకుని వచ్చే ఓ-ఏ వీసా మీద ఉన్నవాళ్లకు 2019 అక్టోబరు చివరి నుంచి ఆరోగ్య బీమా తప్పనిసరి చేశారు, నాన్ ఓ అనే మామూలు వీసా మీద ఇక్కడే ఏటా పొడిగింపు తీసుకునేవాళ్లకు ఆ నిబంధన లేదు, దాంతో చాలామంది ఏ బీమా లేకుండానే ఉంటున్నారు. డెబ్భై దాటాక కొత్తగా తీసుకోవడం కష్టం, ఖరీదు. బీమా లేకపోతే ఆసుపత్రి ఖర్చు కోసమే కొంత డబ్బు విడిగా ఉంచమను, నాన్నగారికి ఏ ఆసుపత్రికి వెళ్లాలని ఉందో, ప్రైవేటా, ప్రభుత్వానిదా, ఇప్పుడే తేల్చుకోండి. స్పృహ లేనప్పుడు ఆ నిర్ణయం అంబులెన్సువాళ్లు తీసుకుంటారు.

చివరిది రాయడానికి నాకూ కష్టంగానే ఉంది, కానీ దీన్ని వాయిదా వేసి పిల్లలు పడిన బాధ చూశాను. థాయ్‌లాండ్‌లో ఉన్న ఆస్తికి, బ్యాంకు డబ్బుకి నాన్నగారు ఇక్కడే ఒక వీలునామా రాసి, దాన్ని అమలుచేసే మనిషి పేరు అందులో పెట్టాలి. మనిషి పోయాక బ్యాంకు ఖాతా ఆగిపోతుంది, కోర్టు నియమించినవాళ్లు తప్ప ఎవరూ తీయలేరు. ఇంట్లో పోతే పోలీసులొస్తారు, దౌత్య కార్యాలయానికి కబురు వెళ్తుంది, అక్కడ దగ్గర బంధువు ఎవరో రాసి లేకపోతే నీకు తెలియడానికే రోజులు పడుతుంది. ఇక నయం కాని స్థితిలో ఒట్టిగా ప్రాణం పొడిగించే వైద్యం వద్దని ముందే రాసుకునే హక్కు 2007 నాటి ఇక్కడి జాతీయ ఆరోగ్య చట్టంలో ఉంది, ఆయనకేం కావాలో అడుగు. అడిగితే కోప్పడతారని భయపడకు. ఈ వయసువాళ్లు దీని గురించి పైకి అనరు గానీ లోపల ఆలోచిస్తూనే ఉంటారు, ఎవరైనా అడిగితే తేలికపడతారు.

ప్రశ్న: మా పక్క ఫ్లాట్‌లో ఇంగ్లండు ఆయన, 75 దాటాయి, చాలా మంచివాడు. వీసా పొడిగింపుకి బ్యాంకులో డబ్బు తగ్గిందట, లక్ష బాత్ రెండు నెలలకు అప్పు అడుగుతున్నాడు. కాదనడానికి మనసొప్పడం లేదు. (రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, జోమ్‌టియెన్)

జవాబు: ఇవ్వకండి. మీ మనసు మంచిది, ఆయనా మంచివాడే, అయినా ఇవ్వకండి. మీరు బ్యాంకులో పనిచేశారు కాబట్టి లెక్క చెబితే మీకే తెలుస్తుంది. డిపాజిట్ దారిలో పొడిగింపుకి ఖాతాలో 8,00,000 బాత్ ఉండాలి, దరఖాస్తుకి రెండు నెలల ముందు నుంచి, మంజూరయ్యాక మూడు నెలల దాకా. ఆ తర్వాత కూడా 4,00,000కి తగ్గకూడదు. 2019 నుంచి ఇదే నిబంధన. అంటే రెండు నెలల్లో ఆయన మీ డబ్బు తీసి ఇవ్వడమే కుదరదు, ఇస్తే వచ్చే ఏడు పొడిగింపు పోతుంది. ఆయనకు ఇది తెలిసి అడిగినా, తెలియక అడిగినా మీ డబ్బు అక్కడే ఇరుక్కుంటుంది, ఆ తర్వాత మెట్ల మీద ఎదురుపడటానికి ఇద్దరికీ ఇబ్బంది.

ఆయన పరిస్థితి మాత్రం అర్థం చేసుకోండి. బ్రిటన్ ప్రభుత్వ పింఛను థాయ్‌లాండ్‌లో ఉన్నవాళ్లకు ఏటా పెరగదు, మొదట ఎంత ఉంటే ఎప్పటికీ అంతే. అదే ఫిలిప్పీన్స్‌లో ఉంటే పెరుగుతుంది, ఒప్పందాల తేడా. ఇక్కడ ధరలు పెరుగుతూ, చేతికొచ్చేది అక్కడే ఆగి, ఇరవై ఏళ్ల కిందట సుఖంగా బతికినవాళ్లు ఇప్పుడు రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. బార్‌లో ఎవరూ చెప్పుకోరు. ఆయనతో కూర్చుని వేరే దారి చూడండి. నెలకు 65,000 బాత్ ఆదాయం చూపించే పద్ధతి ఉంది, ఏడాది ఆదాయం, డిపాజిట్ కలిపి 8,00,000 చేసే పద్ధతీ ఉంది. బ్రిటిష్ ఎంబసీ ఆదాయ పత్రాలివ్వడం ఆపేసింది కాబట్టి ప్రతి నెలా బయటినుంచి డబ్బు వచ్చినట్టు ఖాతాలో కనపడాలి. ఒక్కో ఇమిగ్రేషన్ ఆఫీసు కాగితాలు ఒక్కోలా అడుగుతుంది, ఆయనతో పాటు మీరూ వెళ్లి కనుక్కోండి. డబ్బిస్తే బ్యాలెన్సు మేం చూపిస్తాం అనే ఏజెంట్ల దగ్గరికి మాత్రం వెళ్లనివ్వకండి, ఆ గొడవ బయటపడితే వీసా పోయేది ఆయనది. ఇంకా చేతిసాయం చేయాలనిపిస్తే తిరిగి రాకపోయినా బాధపడనంత ఇవ్వండి, అప్పు అనకుండా ఇవ్వండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. దగ్గర్లో ఉన్న బడిలో పిల్లలకు ఉచితంగా ఇంగ్లీషు చెబుదామనుకుంటున్నాను. జీతం తీసుకోను కదా, ఇబ్బంది ఉండదుగా? (ఒక పాఠకురాలు, హువా హిన్)

జవాబు: ఉండొచ్చమ్మా. రిటైర్మెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఉద్యోగం చేయకూడదు, జీతం లేకపోయినా దాన్ని పనిగానే చూసే అవకాశం ఉంది. ముందు బడివాళ్లని వర్క్ పర్మిట్ సంగతి అడగండి. విదేశీ వాలంటీర్లను సరిగ్గా పెట్టుకునే సంస్థలకు ఈ తతంగం తెలుసు, ఏ కాగితాలు కావాలో వాళ్లే చెబుతారు. అదంతా మాకెందుకు, రేపే రండి అనే చోటికి వెళ్లొద్దు. ఈలోగా మీ భవనంలోనే థాయ్ నేర్చుకుంటూ ఇంగ్లీషు నేర్పడానికి ఒక స్నేహితురాలిని వెతుక్కోండి, వారంలో రెండు మధ్యాహ్నాలు చక్కగా గడుస్తాయి.

ప్రశ్న: మా పాత ఆఫీసు స్నేహితుడు, భార్య నెల రోజులు మా ఇంట్లో ఉండటానికి వస్తున్నారు. ఇమిగ్రేషన్‌కి చెప్పాలా? ఎక్కడ ఉంటున్నామో చెబుతూ తొంభై రోజులకోసారి ఇవ్వాల్సిన రిపోర్టు నేను ఆన్‌లైన్లో ఇస్తాను, ఆఫీసుకి వెళ్లే పని లేదు. (ఒక పాఠకుడు, జోమ్‌టియెన్)

జవాబు: చెప్పాలి. విదేశీయులు ఇంట్లో దిగితే ఇంటి యజమాని 24 గంటల్లో తెలియజేయాలన్నది చట్టం, టీఎం 30 ఫారం అంటారు. మీది అద్దె ఇల్లైతే ఓనరుకి ముందే ఫోన్ చేసి ఆయన చేత చేయించండి, ఆన్‌లైన్లో కూడా అవుతుంది. తొంభై రోజుల రిపోర్టు ఆన్‌లైన్లో ఇవ్వడం సుఖమే, కానీ మీ అంతస్తులో ఆ తేదీ దగ్గరపడిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే ఈసారి వాళ్లతో కలిసి ఆఫీసుకి వెళ్లి రండి. గడువుకి పదిహేను రోజుల ముందు నుంచి ఇవ్వొచ్చు కాబట్టి అందరి తేదీలూ ఎక్కడో ఒక చోట కలుస్తాయి. మా దగ్గర నలుగురైదుగురు ఒక బండి మాట్లాడుకుని వెళ్తారు, పని పావుగంట, ఆ తర్వాత భోజనం రెండు గంటలు.